స్కానింగ్ రిపోర్టులో ‘అయోర్టిక్ అన్యూరిజం’ అని ఉంటే... ఏటేటా ఏం చూసుకోవాలి?

పెద్దాయనకు మూత్రం సరిగా రావడం లేదని డాక్టరు పొట్ట స్కానింగ్ రాస్తారు. ప్రోస్టేట్ ఎంత ఉంది, కిడ్నీలో రాళ్లున్నాయా, లివర్ ఎలా ఉంది అన్నీ రిపోర్టులో వస్తాయి. చివర్లో ఎవరూ అడగని మాట ఒకటి ఉంటుంది: కిడ్నీల కింద అయోర్టా 3.8 సెంటీమీటర్లకు ఉబ్బి ఉంది, అన్యూరిజం. ఇంటికొచ్చాక కొడుకు ఫోన్లో ఆ మాట వెతుకుతాడు. పగిలితే ప్రాణం పోతుందని కనిపిస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఆ తర్వాత జరిగేది రెండు రకాలు. కొన్ని ఇళ్లలో మర్నాడే పెద్దాసుపత్రికి పరుగెత్తి, ఎంత ఖర్చయినా సరే ఆపరేషన్ చేసేయండి అంటారు. ఇంకొన్ని ఇళ్లలో అబ్బాజాన్ ‘నాకేం నొప్పి లేదు కదరా, ఊరుకోండి’ అంటారు. రిపోర్టు బీరువాలో పాత కరెంటు బిల్లుల కిందికి చేరుతుంది. మూడేళ్ల తర్వాత ఎప్పుడో నడుం నొప్పితో పడిపోయినప్పుడు ఆ కాగితం కోసం ఇల్లంతా వెతుకుతారు.

రెండూ పొరపాటే. 3.8 సెం.మీ. ఉబ్బుకు ఆ రోజు కావాల్సింది ఆపరేషన్ కాదు. అలాగని వదిలేసేదీ కాదు. దాన్ని లెక్కగా, ఒకే పద్ధతిలో, చెప్పిన గడువుకు కొలిపించుకుంటూ ఉండాలి. ఈ జబ్బులో చాలా ఏళ్లపాటు చేసే వైద్యంలో పెద్ద భాగం అదే. మాత్ర వేసుకున్నట్టు కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లకు అది వైద్యంలా అనిపించదు.

అసలు ఏమిటిది?

గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద రక్తనాళాన్ని అయోర్టా అంటారు. తెలుగులో బృహద్ధమని. ఛాతీలోంచి వెన్నెముకను ఆనుకుని కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలుగా చీలి కాళ్లకు వెళ్తుంది. పొట్ట భాగంలో దీని వెడల్పు మామూలుగా 2 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది. 3 సెం.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అన్యూరిజం కింద లెక్క. చాలావరకు ఇది కిడ్నీలకు రక్తం వెళ్లే నాళాల కింది భాగంలోనే వస్తుంది. 2.5 నుంచి 2.9 మధ్య ఉంటే ఇంకా అన్యూరిజం అనరు, కాస్త వెడల్పయిందంటారు. అలాంటివాళ్లను వయసును బట్టి ఐదేళ్లకో పదేళ్లకో మళ్లీ చూస్తే చాలు.

ఈ నాళం గోడలో ఎలాస్టిన్ అనే పదార్థం ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రబ్బరులా సాగి మళ్లీ యథాస్థితికి వచ్చేది అదే. వయసు, పొగ, గోడలో ఏళ్ల తరబడి ఉండే వాపు కలిసి దాన్ని తినేస్తాయి. ఒకసారి పోయాక శరీరం దాన్ని సరిగా తిరిగి తయారు చేసుకోలేదు. సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడితే ఏమవుతుందో అందరూ చూసే ఉంటారు. గాలి కొట్టగానే అక్కడే బుడగ లేస్తుంది. బుడగ పెద్దదయ్యేకొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది, లోపలి గాలి అంతే ఉన్నా సరే. అయోర్టాలోనూ అంతే. బీపీ మారకపోయినా, వెడల్పు పెరిగేకొద్దీ గోడ మోయాల్సిన బరువు పెరుగుతుంది. అందుకే చిన్న ఉబ్బు మెల్లగా, పెద్ద ఉబ్బు వేగంగా పెరుగుతాయి.

ఇది ఎక్కువగా 65 దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. కారణాల్లో మొదటిది పొగ. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే. చాలా ఏళ్ల క్రితమే మానేసినవాళ్లకూ కొంత ముప్పు మిగిలే ఉంటుంది. తర్వాత వచ్చేవి అధిక రక్తపోటు, రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం, ఇంట్లో నాన్నకో అన్నకో ఇది ఉండటం. ఆడవాళ్లలో అరుదు. కానీ వచ్చినప్పుడు మాత్రం మగవాళ్లకంటే తక్కువ సైజులోనే పగిలే ప్రమాదం ఎక్కువ.

ఐన్‌స్టీన్‌కు ఉన్నది ఇదే

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌ను ఎప్పటినుంచో కడుపునొప్పి వేధిస్తుండేది. ఆయన పైపు పొగ తాగేవాడు. 1948 డిసెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ యూదు ఆసుపత్రిలో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ పొట్ట తెరిచి చూస్తే, బత్తాయంత పెద్ద అన్యూరిజం కనిపించింది. అప్పటికి ఆ నాళాన్ని కోసి కొత్తది వేసే పద్ధతి ఇంకా రాలేదు. దాంతో నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టాడు. సెలోఫేన్ శరీరానికి పడదు, చుట్టూ గట్టి మచ్చకండ ఏర్పడుతుంది, అది గోడకు కట్టులా పనిచేస్తుందని ఆయన లెక్క.

ఆ కట్టుతో ఐన్‌స్టీన్ ఆరేళ్లకు పైగా బతికాడు. 1955 ఏప్రిల్‌లో అది పగిలింది. ఈలోగా వైద్యం ముందుకెళ్లింది. 1951లోనే పారిస్‌లో ఛార్లెస్ డ్యూబోస్ట్ ఉబ్బిన భాగాన్ని తీసేసి వేరే నాళం అతికించడంలో విజయం సాధించాడు. ఐన్‌స్టీన్‌కూ ఆపరేషన్ చేద్దామన్నారు. ఆయన వద్దన్నాడు. ఏప్రిల్ 18న ప్రిన్స్‌టన్ ఆసుపత్రిలో 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ ఆరేళ్లలో లోపలి ఉబ్బు ఎంత ఉంది, ఎంత పెరుగుతోంది అని పొట్ట కోయకుండా సులువుగా చూసే సాధనం ఆయన డాక్టర్లకు లేదు. అల్ట్రాసౌండ్ తర్వాత వచ్చింది. ప్రపంచంలోకెల్లా పేరున్న శాస్త్రవేత్తకు అందనిది ఈరోజు తాలూకా కేంద్రంలో ఉన్న స్కానింగ్ సెంటర్లో, సూది కూడా గుచ్చకుండా, పావుగంటలో అయిపోతుంది.

పెరగడం అంటే ఎంత పెరగడం?

ఇక్కడ లెక్క సెంటీమీటర్లలో కాదు, మిల్లీమీటర్లలో. వేర్వేరు దేశాల్లో చిన్న అన్యూరిజం ఉన్న 15 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చిన రెస్కాన్ అనే అధ్యయనం 2013లో వెలువడింది. 3 సెం.మీ. దగ్గర ఉన్న ఉబ్బు ఏడాదికి సగటున 1.3 మి.మీ. పెరుగుతుందని, 5 సెం.మీ. దగ్గర ఉన్నది ఏడాదికి 3.6 మి.మీ. పెరుగుతుందని అందులో తేలింది. అంటే మొదట్లో ఏడాదికి ఒక బియ్యపు గింజ మందమంత కూడా పెరగదు.

ఇది సగటు మాత్రమే. ఒకే మనిషిలో రెండేళ్లు కదలకుండా ఉండి మూడో ఏడు 4 మి.మీ. పెరగొచ్చు. కొందరిలో అసలు పెరగకుండానే జీవితం గడిచిపోతుంది. అందుకే ‘పోయినసారి పెరగలేదు కదా, ఇక చూపించనక్కర్లేదు’ అన్న మాట చెల్లదు.

అదే అధ్యయనంలో మరో రెండు సంగతులు బయటపడ్డాయి. పొగ తాగుతున్నవాళ్లలో ఉబ్బు ఏడాదికి 0.35 మి.మీ. అదనంగా పెరుగుతోంది, పగిలే ముప్పు రెట్టింపవుతోంది. రెండోది వింతగా ఉంటుంది: షుగర్ ఉన్నవాళ్లలో ఉబ్బు కాస్త నెమ్మదిగా పెరుగుతోంది, ఏడాదికి అర మిల్లీమీటరు తక్కువ. షుగర్ వల్ల గోడ గట్టిపడటమా, షుగర్ మందుల ప్రభావమా అన్నది ఇంకా పరిశోధిస్తున్నారు. దీన్ని పట్టుకుని షుగర్‌ను వదిలేస్తే గుండె, కిడ్నీలు ఊరుకోవు.

రెండు రిపోర్టుల మధ్య తేడా ఎందుకొస్తుంది?

కుటుంబాలు ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే. పోయిన ఏడు ఒంగోలులో చేయించిన స్కానింగ్‌లో 4.2 ఉంది. ఈసారి కొడుకు దగ్గరకు హైదరాబాద్ వెళ్లినప్పుడు సీటీ స్కాన్ తీస్తే 4.7 వచ్చింది. ఏడాదిలో 5 మి.మీ. పెరిగిందా? కావచ్చు. అసలు పెరగకపోయి కూడా ఉండొచ్చు.

అయోర్టా గోడకు మందం ఉంటుంది. కొందరు లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలుస్తారు, కొందరు బయటి అంచు నుంచి బయటి అంచుకు. ఒకే మనిషిలో ఒకే రోజు ఈ రెండు పద్ధతుల మధ్య 3, 4 మి.మీ. తేడా రావడం మామూలే. పైగా సీటీ స్కాన్‌లో వచ్చే అంకె అల్ట్రాసౌండ్ అంకె కంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటుంది. వయసు పైబడిన వాళ్లలో అయోర్టా నిట్టనిలువుగా ఉండదు, పక్కకు వంకర తిరుగుతుంది. వంకర ఉన్నచోట అడ్డంగా కాకుండా ఏటవాలుగా కొలిస్తే అంకె పెద్దదిగా వస్తుంది. ముల్లంగిని గుండ్రంగా కోస్తే చిన్న చక్రం, ఏటవాలుగా కోస్తే పొడవాటి ముక్క వచ్చినట్టు.

ఇంకో తిరకాసు ఉంది. ఉబ్బు లోపల గోడను అంటుకుని రక్తపు గడ్డ పేరుకుంటుంది. రిపోర్టులో దాన్నే మ్యూరల్ థ్రాంబస్ అని రాస్తారు. రక్తం పారే దారిని మాత్రమే కొలిచి ఆ గడ్డను వదిలేస్తే 5 సెం.మీ. ఉబ్బు కూడా 3 సెం.మీ. లాగా కనిపించొచ్చు. కొలవాల్సింది గడ్డతో కలిపి మొత్తం ఉబ్బును. తక్కువ అంకె వచ్చిందని సంతోషపడే ముందు ఈ ఒక్క విషయం డాక్టరును అడగడం మంచిది.

కొలిచే మనిషి మారినా, ఒక్కోసారి అదే మనిషి రెండుసార్లు కొలిచినా 2, 3 మి.మీ. అటూ ఇటూ అవుతుంది. కాబట్టి 4.2 తర్వాత 4.4 వస్తే అది పెరుగుదలో, కొలతలో తేడానో ఆ ఒక్క అంకెతో తేలదు. తర్వాత 4.3, ఆ తర్వాత 4.6, ఆపైన 4.8 వస్తే అప్పుడు తేలుతుంది. పైకి వెళ్తోంది. ఒక్క రిపోర్టు కంటే వరసగా నాలుగు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి అర్థమవుతుంది.

అందుకని వీలైనంత వరకు ఒకే సెంటరులో, ఒకే రకం స్కాన్ చేయించుకోవాలి. ప్రతి ఏడూ చూడటానికి అల్ట్రాసౌండ్ చాలు. దానికి రేడియేషన్ లేదు, కిడ్నీలకు ఇబ్బంది పెట్టే రంగు మందు లేదు. సీటీ అవసరమయ్యేది ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు, లేదా అల్ట్రాసౌండ్‌లో సరిగా కనిపించనప్పుడు. స్కాన్‌కు ముందు ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే పేగుల్లో గ్యాసు అడ్డురాకుండా ఉంటుంది. రమజాన్‌లో రోజా ఉన్నవాళ్లకు ఎలాగూ కడుపు ఖాళీయే కాబట్టి అస్ర్ వేళకు అపాయింట్‌మెంట్ తీసుకుంటే సరిపోతుంది. స్కాన్ టేబుల్ మీద పడుకోగానే ‘అయోర్టాలో ఉబ్బు ఉంది, దాన్ని కొలవాలి’ అని నోటితో చెప్పాలి, పాత రిపోర్టు చూపించాలి. చెప్పకపోతే ఆ రోజు రద్దీలో దాన్ని చూడకుండానే రిపోర్టు వచ్చేయొచ్చు.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టుకుని ఒక పేజీలో తేదీ, సెంటరు పేరు, అల్ట్రాసౌండా సీటీయా, అంకె, మళ్లీ రమ్మన్న తేదీ రాసుకోవాలి. ఫోన్లో ఫోటో కూడా ఉంచుకోవచ్చు. కానీ ఫోన్లు పోతాయి, మారతాయి. పిల్లలు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటే ఆ పేజీ ఫోటో వాళ్ల దగ్గరా ఉండాలి. తేదీ గుర్తుచేయడం వాళ్లు అక్కడినుంచి కూడా చేయగలిగిన పని.

ఎంత కాలానికి ఒకసారి?

దేశాన్ని బట్టి గడువులు మారతాయి. అమెరికాలో రక్తనాళాల సర్జన్ల సంఘం 2018లో చెప్పిన ప్రకారం 3 నుంచి 3.9 సెం.మీ. ఉంటే మూడేళ్లకోసారి, 4 నుంచి 4.9 ఉంటే ఏడాదికోసారి, 5 నుంచి 5.4 ఉంటే ఆరు నెలలకోసారి. బ్రిటన్‌లో 65 ఏళ్లు నిండే ప్రతి మగవాణ్ణీ ప్రభుత్వమే ఉచితంగా స్కానింగ్‌కు పిలుస్తుంది. ఆ పథకం నడిచిన పద్ధతిలో 4.5 లోపు ఉన్నవాళ్లను ఏటా, 4.5 నుంచి 5.4 ఉన్నవాళ్లను మూడు నెలలకోసారి చూస్తారు. మన దేశంలో అందరినీ పిలిచి చూసే అలాంటి పథకం లేదు. ఇక్కడ చాలామందికి ఇది బయటపడేది వేరే దేనికో తీసిన స్కాన్‌లోనే. అందుకే ఎవరూ ఉత్తరం రాసి పిలవరు, తేదీ మనమే గుర్తుంచుకోవాలి. మీ గడువు మీ డాక్టరు చెప్పిందే. అంకెను బట్టి, వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఆయన దాన్ని తగ్గించొచ్చు.

మరి ఇప్పుడే ఆపరేషన్ ఎందుకు చేయరు?

న్యాయమైన ప్రశ్నే. పగులుతుందని తెలిసీ ఎందుకు ఆగాలి? దీనికి జవాబు కోసం రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. బ్రిటన్‌లో 1090 మంది మీద చేసినదాని ఫలితం 1998లో, అమెరికాలో 1136 మంది మీద చేసినదాని ఫలితం 2002లో వచ్చాయి. 4 నుంచి సుమారు 5.5 సెం.మీ. మధ్య ఉబ్బు ఉన్నవాళ్లలో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతా సగం మందిని స్కాన్లతో గమనిస్తూ 5.5 దగ్గరకు వచ్చినప్పుడు చేశారు. వెంటనే చేయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతకలేదు. గమనిస్తూ ఉన్నవాళ్లలో ఏడాదికి నూటికి ఒకరికి, లేదా అంతకంటే తక్కువ మందికి పగిలింది. ఆపరేషన్‌కు దాని ముప్పు దానికి ఉంటుంది కాబట్టి చిన్న ఉబ్బును ముందే కోయడంలో లాభం కనిపించలేదు.

అందువల్లే మగవాళ్లలో 5.5 సెం.మీ., ఆడవాళ్లలో సుమారు 5 సెం.మీ. అనే గీత వచ్చింది. ఇంట్లో అమ్మీకో నానీకో ఉబ్బు ఉంటే మగవాళ్ల గీతను ఆమెకు అన్వయించకూడదు. సైజు ఆ గీతకు రాకపోయినా ఏడాదిలో 1 సెం.మీ. కంటే ఎక్కువ పెరిగితే, లేదా ఉబ్బు వల్లే నొప్పి వస్తోందని అనుమానం ఉంటే డాక్టర్లు ఆగరు. ఈ గడువుల మాట వర్తించేది స్కాన్‌కు క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లకే. ఆ పరీక్షల్లో ఉన్నవాళ్లను ఎవరూ మరిచిపోనివ్వలేదు, అదీ తేడా.

ఈలోగా ఇంట్లో ఏం చేయాలి?

మొట్టమొదట పొగ మానాలి. ఉబ్బు వేగాన్ని తగ్గించే మార్గాల్లో ఇంత స్పష్టంగా రుజువైనది ఇంకోటి లేదు. సిగరెట్ మాని హుక్కాకు మారడం మానినట్టు కాదు, నీళ్లలోంచి వచ్చినా అది పొగే. బీపీ అదుపులో ఉండాలి. కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబడే చిన్న మాత్ర డాక్టరు రాస్తే అవి గుండెపోటు, పక్షవాతం రాకుండా కాపాడటానికి. ఈ జబ్బున్నవాళ్లకు అవి వచ్చే అవకాశం ఎక్కువ. రమజాన్‌లో బీపీ మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా సర్దుకోవాలో నెల మొదలయ్యే ముందే డాక్టరును అడగాలి. మధ్యలో సొంతంగా మానేయకూడదు.

ఉబ్బును కరిగించే మందు మాత్రం ఇంతవరకు లేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందేమోనని అమెరికాలో రెండేళ్లపాటు వాడి చూశారు. పెరుగుదల ఏమాత్రం తగ్గలేదని 2020లో తేలింది. ఆకుపసరుతోనో, డబ్బా పొడితోనో కరుగుతుందని ఎవరైనా చెబితే డబ్బు దండగ. అంతకంటే పెద్ద నష్టం, ఆ నమ్మకంతో స్కాన్ మానేయడం.

తప్పించుకోవాల్సిన మందులు కూడా ఉన్నాయి. విరేచనాలకు, మూత్రంలో మంటకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మాత్రలు అయోర్టా గోడను దెబ్బతీసే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. అన్యూరిజం ఉన్నవాళ్లకు వేరే దారి లేనప్పుడు తప్ప వాటిని ఇవ్వొద్దని చెప్పింది. చీటీ లేకుండా ఇవి తేలిగ్గా దొరికే మన ఊళ్లలో ఈ మాట నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోవాలి. కొత్త డాక్టరు దగ్గరకు పంటినొప్పికి వెళ్లినా, జ్వరానికి వెళ్లినా అన్యూరిజం సంగతి చెప్పాలి.

రుకూ, సజ్దాలో వంగితే పగులుతుందేమోనని కొందరు పెద్దలు కుర్చీకి మారిపోతారు. చిన్న ఉబ్బు ఉన్నవాళ్లు ఆ భయంతో నమాజ్ పద్ధతి మార్చుకోవాల్సిన పనిలేదు. రోజూ నడవడం మంచిదే. గ్యాస్ బండలు ఎత్తడం, ఊపిరి బిగబట్టి బరువులు లాగడం, మలబద్ధకంతో ముక్కడం వంటివాటితో బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలాంటివి తగ్గించుకోవాలి. ఉబ్బు 5 సెం.మీ. దాటి ఉంటే ఉమ్రా టికెట్టు తీసుకునే ముందు తాజా స్కాన్ చేయించి సర్జన్‌ను అడగడం తెలివైన పని. తవాఫ్ మధ్యలో నొప్పి వస్తే అక్కడ పాత రిపోర్టులు వెతకలేరు.

‘గ్యాసు నొప్పి’ అనుకునే ముందు

పగిలినప్పుడు వచ్చే నొప్పి పొట్టలో, నడుములో, పక్కలో ఎక్కడైనా రావొచ్చు. హఠాత్తుగా వస్తుంది, తీవ్రంగా ఉంటుంది, గజ్జల్లోకి పాకొచ్చు. చల్లని చెమటలు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం తోడవుతాయి. ఎడమ పక్క వచ్చే నొప్పిని కిడ్నీ రాయి అనుకోవడం వైద్యుల పుస్తకాల్లోనే ఎప్పటినుంచో ఉన్న పొరపాటు. పిత్తాశయం నొప్పిలాగా కూడా కనిపించవచ్చు. ఐన్‌స్టీన్ నొప్పినీ మొదట అలాగే అనుకున్నారు. ఇంట్లో అయితే గ్యాసు అని సోడా ఇస్తారు, నడుముకు బామ్ రాస్తారు. అలా గంట పోతుంది. పగిలినవాళ్లలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే చనిపోతారు, మొత్తంగా చూస్తే పదిమందిలో ఎనిమిది మంది దాకా ప్రాణం దక్కదు.

అన్యూరిజం ఉన్నట్టు తెలిసిన మనిషికి ఇలాంటి నొప్పి వస్తే వేరేది అని రుజువయ్యే వరకు అది అన్యూరిజం నొప్పే అనుకోవాలి. 108కి ఫోన్ చేయాలి. ఫోన్లోనూ, క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే కూడా ‘అయోర్టిక్ అన్యూరిజం ఉంది, ఆఖరి కొలత ఇంత’ అని చెప్పాలి. ఆ ఒక్క వాక్యం డాక్టరు ఆలోచనను కిడ్నీ రాయి నుంచి సరైన చోటికి తిప్పుతుంది. పడుకోబెట్టి తీసుకెళ్లాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే తెలుసుకుని ఆ పేరు కూడా నోటుబుక్కులో రాసుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. మిగతా పెద్ద ఊళ్లలో ఎక్కడుందో మీ డాక్టరే చెప్పగలరు.

కాలి వేళ్లు ఉన్నట్టుండి నీలంగా మారి నొప్పి పెట్టినా తాత్సారం చేయొద్దు. ఉబ్బులోని గడ్డ ముక్క జారి కాళ్లలోకి వెళ్తే అలా జరుగుతుంది.

గీత దాటిన రోజున

ఆపరేషన్ రెండు రకాలు. పొట్ట తెరిచి ఉబ్బిన చోట డాక్రాన్ గుడ్డతో చేసిన గొట్టం కుట్టడం ఒకటి. ఇది పెద్ద ఆపరేషన్, కోలుకోవడానికి వారాలు పడుతుంది, కానీ ఒకసారి అయిపోతే చాలావరకు చింత ఉండదు. రెండోది గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి లోపలే స్టెంట్ గ్రాఫ్ట్ విప్పడం. 1990లో అర్జెంటీనా డాక్టరు హువాన్ పరోడీ దీన్ని మొదలుపెట్టారు. రోగి త్వరగా ఇంటికి వెళ్తాడు. కాకపోతే స్టెంట్ పక్కనుంచి రక్తం మళ్లీ ఉబ్బులోకి కారొచ్చు, అది తిరిగి పెరగొచ్చు. కాబట్టి ఈ పద్ధతిలో చేయించుకున్నవాళ్లకు ఆపరేషన్‌తో స్కాన్ల పని అయిపోదు, జీవితాంతం ఏటా చూపించుకోవాల్సిందే. ఎవరికి ఏది అన్నది నాళం ఆకారం, వయసు, గుండె, కిడ్నీల స్థితిని బట్టి సర్జన్ తేలుస్తారు. స్టెంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు ఏ మేరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. 5 సెం.మీ. దాటినప్పుడే అడిగి ఉంచుకుంటే, 5.5 వచ్చిన రోజున అప్పు కోసం తిరగాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇంట్లో ఒకరికి ఈ ఉబ్బు ఉందని తేలితే తోడబుట్టినవాళ్లకు, పిల్లలకు కూడా వచ్చే అవకాశం మామూలు మనుషుల కంటే ఎక్కువ. 50 దాటాక ఒకసారి చూపించుకోమని కొన్ని దేశాల సర్జన్లు, 65 నుంచి చాలని మరికొందరు అంటారు. పెద్దాయన తమ్ముడు ఇంకా బీడీ తాగుతుంటే ఆ లెక్కల కోసం ఆగనక్కర్లేదు. వచ్చేసారి అబ్బాజాన్ స్కాన్‌కు వెళ్లేటప్పుడు చిన్నాన్ననూ పరగడుపున వెంట తీసుకెళ్లాలి.